గోదావరి డెల్టాలో పిట్టల ఫొటోలకి ఏ కెమెరా? ముందు ఎక్కడ నిలబడతారో తేల్చుకోండి

పక్షుల ఫొటోలు మొదలుపెడదామనుకునే వాళ్లలో ఎక్కువమంది మొదట అడిగేది "ఎంత జూమ్ ఉండాలి?" అని. మన డెల్టాలో దానికంటే ముందు తేలాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది. మీరు ఎక్కడ నిలబడి తీస్తారు? చేలగట్టు మీదా, కాలువ రోడ్డు మీద బండి ఆపుకునా, కోరింగ మడ అడవిలో పడవ మీదా, కొల్లేరులోనా? ఇక్కడ పిట్టకీ మనకీ మధ్య ఉండేది దాదాపు ఎప్పుడూ నీళ్లో బురదో. చెట్ల చాటున మెల్లగా నడుచుకుంటూ దగ్గరికి పోదామంటే కుదరదు, దమ్ము చేసిన చేలో కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది, ఆ చప్పుడుకి కొంగ లేచిపోతుంది. అంటే ఎంత దూరం నుంచి తీయాలన్నది మన ఇష్టం కాదు, ఆ చోటే చెబుతుంది. కెమెరాని ఆ దూరానికి తగ్గట్టు ఎంచుకోవాలి.

దూరం లెక్క

ఈ లెక్క తెలిస్తే షాపువాడు చెప్పే "ఎక్స్" (ఎన్ని రెట్ల జూమ్) అంకెలకి కంగారు పడక్కర్లేదు. సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే పలక) వెడల్పుని దూరంతో గుణించి, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో (లెన్స్ మీద ఎంఎంలలో రాసే అంకె, అది పెరిగేకొద్దీ పిట్ట పెద్దదిగా కనిపిస్తుంది) భాగిస్తే ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో వస్తుంది. మామూలు క్రాప్ సెన్సర్ (పూర్తి ఫ్రేము సెన్సర్ కంటే చిన్నది) వెడల్పు 23.5 ఎంఎం, కెనాన్‌లో 22.3.

పంట బోదె అవతలి గట్టు మీద, 15 మీటర్ల దూరంలో చిన్న లకుముకి పిట్ట కూర్చుందనుకోండి. దాని పొడవు 16, 17 సెంటీమీటర్లు. 300 ఎంఎం లెన్స్‌తో ఫ్రేము వెడల్పు సుమారు 118 సెంటీమీటర్లు వస్తుంది, పిట్ట అందులో ఏడో వంతు. 400తో 88 సెంటీమీటర్లు, 600తో 59. అంటే 600 దగ్గర పిట్ట ఫ్రేములో పావు వంతుకి పైగా నిండుతుంది, కాస్త కత్తిరించుకుంటే మంచి ఫొటో. అదే 30 మీటర్ల దూరంలో గూడబాతు (పెలికాన్) ఎగురుతుంటే 300 ఎంఎంతోనే ఫ్రేము 2.35 మీటర్లు అవుతుంది, దాని రెక్కల విప్పు కూడా ఇంచుమించు అంతే. అక్కడ 600 పెడితే రెక్కలు కోసుకుపోతాయి.

ఒకే లెన్స్ ఒకచోట చాలదు, ఇంకోచోట ఎక్కువవుతుంది.

దూరం కాకుండా ఇంకేం చూడాలి

వెలుతురు. శీతాకాలం పొద్దున్నే కోనసీమలో మంచు దిగి ఉంటుంది, అది విడిచేసరికి ఎండ ముదురుతుంది. తొమ్మిది దాటాక చెరువుల మీదా చేల మీదా వేడిగాలి అలలు అలలుగా కదులుతుంది. ఆ గాలిలోంచి 60, 80 మీటర్ల అవతలున్న పిట్టని తీస్తే ఎంత ఖరీదు లెన్స్ అయినా ఫొటో మెత్తగానే వస్తుంది. జూమ్ పెంచితే ఆ వణుకు ఇంకా పెద్దదై కనిపిస్తుంది. అంటే వాడుకోదగ్గ సమయం పొద్దున రెండు మూడు గంటలు, సాయంత్రం ఇంకో గంటన్నర. ఆ వేళల్లో వెలుతురు తక్కువ కాబట్టి సెన్సర్ సైజుకీ లెన్స్ ఎఫ్ అంకెకీ (అది తక్కువైతే వెలుతురు ఎక్కువ లోపలికి వస్తుంది) అంత విలువ.

కదలిక. దమ్ము ట్రాక్టర్ వెనక గుంపుగా నడిచే కొంగలూ, నీళ్ల మీద ఒకేచోట రెక్కలాడిస్తూ నిలిచి దబ్బున దూకే నలుపు తెలుపు లకుముకీ మీకు కావాలంటే ఫోకస్ వేగం ముఖ్యం. ఎగిరే పిట్టకి షట్టర్ సెకనులో 1600వ వంతో 2000వ వంతో ఉండాలి. తీగ మీద కూర్చున్న పాలపిట్టే చాలనుకుంటే ఇదంత పట్టించుకోనక్కర్లేదు.

బరువు సంగతి తేలిగ్గా తీసుకోకండి. మన దగ్గర చాలామంది తిరిగేది బైకు మీద. రెండు కిలోల లెన్స్ మెడలో వేసుకుని పుంత దారుల్లో బండి నడపలేరు, బ్యాగులో పెడితే బయటకి తీసేలోపు పిట్ట ఉండదు.

తేమా ఉప్పూ. అంతర్వేది, యానాం, కాకినాడ వైపు గాలిలో ఉప్పు ఉంటుంది, డెల్టా అంతటా తేమ ఉంటుంది. లెన్సుల లోపల ఫంగస్ పట్టడానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదు. జూమ్ చేసినప్పుడు గొట్టం బయటకి సాగే లెన్సులు బయటి గాలిని లోపలికి పీల్చుకుంటాయి, లోపలే జూమ్ అయ్యేవి అంతగా పీల్చవు. కొనేవాళ్లు ఈ తేడాని అసలు గమనించరు, మన ఊళ్లకి మాత్రం ఇది పెద్ద తేడా.

ఎక్కడ ఎంత దూరం

చేలూ కాలువలూ: సార్వాకి జూన్, జులైలోనూ దాళ్వాకి డిసెంబర్, జనవరిలోనూ దమ్ము పడుతుంది. అప్పుడు తెల్లకొంగలు ట్రాక్టర్‌కి అసలు భయపడవు, గట్టు మీద మీరు కదలకుండా నిలబడితే పది, పదిహేను మీటర్లలోకి వస్తాయి. నత్తగుల్ల కొంగ, ఉల్లంకి (శాండ్‌పైపర్), పసిరిక పిట్ట, తీగల మీద పాలపిట్ట అన్నీ ఇక్కడే. వేసవిలో కాలువలు కట్టేశాక అడుగున మిగిలిన మడుగుల దగ్గర కొంగలూ లకుముకులూ పోగవుతాయి, లాకుల దగ్గర కాసేపు నిలబడి చూడండి. నన్నడిగితే డెల్టాలో మొదలుపెట్టడానికి దీన్ని మించిన చోటు లేదు. టికెట్ లేదు, పడవ లేదు, ఇంటి వెనకే ఉంటుంది.

చేపల, రొయ్యల చెరువులు: పట్టుబడి అయి నీళ్లు తీసేసిన చెరువులో పక్షులు విపరీతంగా వాలతాయి. రొయ్యల రైతుకి మాత్రం వైరస్ అంటే ప్రాణసంకటం. అందుకే చుట్టూ వలలూ పైన తాళ్లూ కడతారు, బయటివాళ్ల కాళ్లు పడనివ్వరు. అడగకుండా గట్టెక్కకండి. అడిగితే ఏ చెరువు ఎప్పుడు ఖాళీ చేస్తున్నారో వాళ్లే చెబుతారు.

కొల్లేరు, ఆటపాక: కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న ఈ సరస్సు 1999లో అభయారణ్యమైంది, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఇనుప స్టాండ్ల మీద గూళ్లు పెడతాయి. నవంబర్ నుంచి మార్చి దాకా మంచి కాలం. పెద్ద పక్షులు, తక్కువ దూరం. 250, 300 ఎంఎం ఉన్నా చేతినిండా ఫొటోలు వస్తాయి.

కోరింగ, కాకినాడ తీరం: 1978లో ఏర్పడిన అభయారణ్యం, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. ఇక్కడ రెండు వేరు వేరు పరిస్థితులు ఉన్నాయి. చెక్కవంతెన మీద నడుస్తుంటే పిట్ట దగ్గరే ఉంటుంది, కానీ మడచెట్ల నీడలో చీకటి, అడ్డంగా కొమ్మలు. పాయల్లోకీ హోప్ ఐలాండ్ వైపుకీ వెళ్తే వెలుతురు బాగుంటుంది, దూరం మాత్రం బాగా పెరుగుతుంది. పాటు సమయంలో నీళ్లు తీసి బురద బయటపడ్డప్పుడు వలస ఉల్లంకులు దిగుతాయి. కింది ముక్కుతో నీటిని చీల్చుకుంటూ పోయే ఇండియన్ స్కిమ్మర్ చలికాలంలో ఈ తీరానికి వస్తుంది, ప్రపంచంలోనే ముప్పులో ఉన్న పక్షి అది. బురదమేటకి పడవని 80 మీటర్లకంటే దగ్గరగా పోనిస్తే గుంపంతా లేచిపోతుంది, కాబట్టి ఆ దూరానికి సిద్ధపడి వెళ్లాలి.

ఇక కెమెరాలు

*ఫోన్.* పిట్ట ఒక్కదాన్నే తీయడానికి ఫోన్ పనికిరాదు. కానీ ఈతచెట్టుకి వేలాడే గిజిగాడి గూళ్లు, ట్రాక్టర్ వెనక వంద కొంగలు, ఆటపాక స్టాండ్ల మీద సాయంత్రం గుంపు లాంటి వాటికి ఫోన్ బాగానే సరిపోతుంది. ఇప్పటికే బైనాక్యులర్ ఉంటే దాని కంటికి ఫోన్ ఆనించి పిట్ట ఏదో గుర్తుపట్టడానికి సరిపడా ఫొటో తీయొచ్చు. ఆరు నెలలు అలా తిరిగాక కూడా ఆసక్తి తగ్గకపోతే అప్పుడు డబ్బు పెట్టండి.

*బ్రిడ్జ్ కెమెరా.* లెన్స్ మార్చడానికి వీల్లేని, పెద్ద జూమ్ ఉన్న కెమెరా ఇది. నికాన్ పీ900, పీ950, పీ1000, కెనాన్ ఎస్ఎక్స్70 ఈ కోవలోవి. పీ950లో 83 రెట్ల జూమ్, పూర్తి ఫ్రేము లెక్కలో 2000 ఎంఎం, బరువు కిలో. పీ1000 అయితే 3000 ఎంఎం దాకా పోతుంది, బరువు 1.4 కిలోలు. కాగితం మీద చూస్తే డెల్టా కోసమే చేసినట్టుంటుంది. 80 మీటర్ల అవతల బురదలో ఉన్న స్కిమ్మర్, క్రాప్ బాడీకి పెట్టిన 600 ఎంఎంలో ఫ్రేములో ఏడో వంతు ఉంటే పీ950లో పావు దాటుతుంది. పక్షిని గుర్తుపట్టి లెక్క రాసుకునేవాళ్లకి ఇంత తక్కువ ధరలో ఇంత దూరం చూపించేది ఇంకోటి లేదు.

దీనికి రెండు అడ్డంకులున్నాయి. సెన్సర్ చాలా చిన్నది, పొద్దున్నే మంచులో ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో ఫొటోని వెలిగించడానికి పెంచే అంకె) 800 దాటిస్తే ఈకల గీతలు కలిసిపోయి రంగు పూసినట్టవుతుంది. ఎగిరే పిట్టని పట్టుకోవడం కూడా కష్టం, జూమ్ పెంచాక ఫ్రేములోకి తెచ్చుకోవడానికే టైమ్ పట్టి, ఫోకస్ తిరిగేలోపు అది వెళ్లిపోతుంది. వేడిగాలి వణుకు గురించి పైన చెప్పాను, 2000 ఎంఎం వాడేవాళ్లకి అది మరీ ఎక్కువగా తగులుతుంది. కొనేట్టయితే పీ900 కంటే పీ950 మేలు, ఇందులో రా ఫైల్ (కెమెరా మార్పులేవీ చేయని మొదటి ఫైల్) వస్తుంది, తెల్లకొంగ ఈకలు కాస్త తెల్లగా పేలిపోయినా కొంతవరకు వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇదే కోవలో సోనీ ఆర్‌ఎక్స్10-4 ఉంది, జూమ్ పూర్తి ఫ్రేము లెక్కలో 600 దాకానే, కానీ సెన్సర్ ఒక అంగుళం, లెన్స్ చివరికంటా ఎఫ్ 4. మంచి స్థితిలో సెకండ్ హ్యాండ్‌ది దొరికితే చేలగట్టు మీద తిరిగేవాళ్లకి నా ఓటు దానికే.

*సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్.* డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగలిగే కెమెరా. కెనాన్, నికాన్ దృష్టంతా ఇప్పుడు ఆ అద్దం లేని మిర్రర్‌లెస్ మీద ఉంది, కాబట్టి ఒకప్పుడు మోజుపడి కొన్న బాడీలు, లెన్సులు జనం అమ్మేస్తున్నారు. నికాన్ డీ7200, డీ500, కెనాన్ 80డీ, 7డీ మార్క్ 2 లాంటివి ఎగిరే పక్షులకి ఇప్పటికీ గట్టి కెమెరాలు. వాటికి రెండు దారులున్నాయి.

ఒకటి తేలికది. కెనాన్ 55-250 ఎస్టీఎం (375 గ్రాములు) కానీ, నికాన్ 70-300 కానీ. బైకు మీద మెడలో వేసుకుని తిరగొచ్చు. ఆటపాకకీ దమ్ము చేలకీ సరిపోతాయి, లకుముకి దగ్గర మాత్రం చాలవు.

రెండోది సిగ్మా, టామ్రాన్ 150-600, లేదా నికాన్ 200-500. బరువు రెండు కిలోల అటూ ఇటూ, నికాన్‌ది 2.3. ఫొటో నాణ్యతలో బ్రిడ్జ్ కెమెరాలు వీటి దరిదాపుల్లోకి రావు. కానీ ఇవన్నీ సాగే గొట్టాలే, తేమ పీల్చుకుంటాయి, వాడాక తుడిచి ఆరబెట్టి దాచే ఓపిక ఉండాలి. కారు ఉన్నవాళ్లకి ఇది అన్నిటికంటే లాభసాటి. కాలువ రోడ్డు మీద కారాపి, ఇంజిన్ కట్టేసి, అద్దం దించి, గుడ్డ సంచిలో బియ్యమో పెసలో పోసి కిటికీ మీద పెట్టి దానిపై లెన్స్ ఆనిస్తే ట్రైపాడ్ అక్కర్లేదు. మనిషిని చూస్తే ఎగిరిపోయే పాలపిట్ట కారుని లెక్కచేయదు. అదే పిట్ట దగ్గర మీరు తలుపు తెరిచి దిగారంటే ఇక అంతే.

*మిర్రర్‌లెస్.* అసలు తేడా పక్షి కన్నుని తనంతట తనే గుర్తుపట్టి పట్టుకునే ఫోకస్. కెనాన్ ఆర్7, సోనీ ఏ6700, నికాన్ జెడ్50-2 మూడిటిలోనూ అది ఉంది. మడచెట్ల కొమ్మల మధ్య కూర్చున్న లకుముకి దగ్గర దీని విలువ తెలుస్తుంది, పాత కెమెరా ముందున్న కొమ్మని పట్టుకుంటే ఇది చాలాసార్లు వెనకున్న కన్నుని వెతుక్కుంటుంది. చప్పుడు లేకుండా తీసే ఎలక్ట్రానిక్ షట్టర్ చూసి ముచ్చటపడకండి, ఆర్7 లాంటి వాటిలో వేగంగా ఆడే రెక్కలు వంకరపోతాయి. ఎగిరే పిట్టకి మెకానికల్ షట్టరే వాడండి.

లెన్సుల్లో కెనాన్ ఆర్‌ఎఫ్ 100-400 బరువు 635 గ్రాములే, బైకు మీద తిరిగేవాళ్లకి ఇంత సుఖమైనది నాకు కనిపించలేదు. ఎఫ్ 8 కావడం వల్ల మంచు పొద్దుల్లో ఐఎస్ఓ పెరుగుతుంది, అది ఒప్పుకుని కొనండి. సోనీ 200-600 (2.1 కిలోలు), నికాన్ జెడ్ 180-600 (రెండు కిలోల లోపు) రెండూ లోపలే జూమ్ అవుతాయి, కాబట్టి ఉప్పుగాలికీ పడవలకీ నేను వీటినే చెబుతాను. ధర మాత్రం లెన్స్ ఒక్కటే లక్ష దాటేస్తుంది.

*అద్దెకి.* దీన్ని జనం లెక్కలోకి తీసుకోరు. హైదరాబాద్, బెంగళూరులో ఉంటూ సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లకి ఇదే సరైన దారి. వలస పక్షులు నిండుగా ఉండేదీ, దాళ్వా దమ్ములు నడిచేదీ, ఆటపాకలో గూళ్లు ఉండేదీ సరిగ్గా అప్పుడే. ఏడాదికి ఒక వారం కోసం రెండు లక్షలు పెట్టి, మిగతా 51 వారాలు లెన్సుకి ఫంగస్ పట్టకుండా కాపలా కాయడం ఎందుకు? పండక్కి గిరాకీ ఉంటుంది, ముందే మాట్లాడుకోండి.

| | ఫోన్ | బ్రిడ్జ్ | డీఎస్ఎల్ఆర్ + 250/300 | డీఎస్ఎల్ఆర్ + 150-600 | మిర్రర్‌లెస్ + 100-400 | మిర్రర్‌లెస్ + 200-600 |
|---|---|---|---|---|---|---|
| చేలగట్టు, కాలువ | గుంపులకే | బాగుంది | పెద్ద పక్షులకి | చాలా బాగుంది | చాలా బాగుంది | చాలా బాగుంది |
| ఆటపాక | గుంపులకి సరే | బాగుంది | చాలా బాగుంది | ఒక్కోసారి ఎక్కువవుతుంది | చాలా బాగుంది | ఒక్కోసారి ఎక్కువవుతుంది |
| మడ అడవి నీడ | వద్దు | కష్టం | ఫర్వాలేదు | బాగుంది | ఐఎస్ఓ పెరుగుతుంది | చాలా బాగుంది |
| దూరపు బురదమేటలు | వద్దు | గుర్తుపట్టడానికి మేటి | చాలదు | బాగుంది | కొంచెం తక్కువ | బాగుంది |
| ఎగిరే పక్షి | వద్దు | కష్టం | బాగుంది | బాగుంది | చాలా బాగుంది | చాలా బాగుంది |
| బైకు మీద మోయడం | హాయి | హాయి | హాయి | కష్టం | హాయి | కష్టం |
| ఖర్చు | లేదు | మధ్యస్థం | తక్కువ | మధ్యస్థం | ఎక్కువ | చాలా ఎక్కువ |

ఎవరికి ఏది

కాలేజీ కుర్రాడైతే, బైకు ఉండి డబ్బు తక్కువైతే, పాత క్రాప్ డీఎస్ఎల్ఆర్, 55-250 చాలు. కొంగలతో, ఉల్లంకులతో, గూడబాతులతో చేయి తిరిగాక లెన్స్ ఒక్కటే మార్చుకోవచ్చు. మిర్రర్‌లెస్‌కి మారినా కెనాన్ ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తాయి, కాబట్టి పెట్టిన డబ్బు వృథా కాదు.

రిటైరై మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పక్షుల పేర్లు నేర్చుకుని ఏ రోజు ఏది కనిపించిందో రాసుకోవాలనుకునేవాళ్లు నిశ్చింతగా బ్రిడ్జ్ కెమెరా తీసుకోండి. ఎవరైనా "అది కెమెరాయేనా" అంటే వినకండి. ఒక లాకుల దగ్గర ఏడాదంతా ఏ పక్షి ఎప్పుడొచ్చిందో ఫొటోతో సహా రాసిపెడితే, నాలుగు అందమైన ఫొటోల కంటే ఆ రికార్డుకే విలువ ఎక్కువ.

కోరింగకి తరచూ వెళ్లాలనుకునేవాళ్లు డబ్బు కూడబెట్టుకుని లోపలే జూమ్ అయ్యే లెన్సుకే వెళ్లండి. పడవలో ట్రైపాడ్ దండగ, ఇంజిన్ వణుకంతా దాని కాళ్లలోంచే ఎక్కుతుంది. చేత్తో పట్టుకోండి, పక్షి కనబడగానే ఇంజిన్ ఆపమని సరంగుని ముందే అడిగి పెట్టుకోండి, షట్టర్ 1000వ వంతుకి తగ్గనివ్వకండి. పోటు, పాటు వేళలు కనుక్కోకుండా బయలుదేరితే బురదమేటలే కనబడవు.

ఏ కెమెరా అయినా తెల్లకొంగకి ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల నుంచి ఒక స్టాప్ (వెలుతురు సగానికి తగ్గే మెట్టు) దాకా తగ్గించండి. నల్లటి దమ్ము చేను చూసి కెమెరా మోసపోయి కొంగని సున్నపు ముద్ద చేస్తుంది.

గుంపు ఎగిరే ఫొటో కోసం రాయి విసరడం, చప్పట్లు కొట్టడం, ఫోన్‌లో కూత వినిపించి పిలవడం చేయకండి. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఉల్లంకి ఆ బురదలో తినేది తిరుగు ప్రయాణానికి కొవ్వు పట్టించుకోవడానికి, మనం లేపిన ప్రతిసారీ అది కరుగుతుంది. గూటి ఫొటో తీసినా ఊరి పేరు పెట్టొద్దు. అభయారణ్యంలో అటవీ శాఖ అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయొద్దు.

కొనేటప్పుడు, కొన్నాక

సెకండ్ హ్యాండ్ లెన్స్ అయితే, ముఖ్యంగా కోస్తా ఊళ్లలో వాడినదైతే, వెనక మూత తీసి ఒకవైపు నుంచి టార్చి కొట్టి ఇంకోవైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దు. కాస్త దుమ్ము రేణువులుంటే ఫర్వాలేదు. జూమ్ మొత్తం సాగదీసి, వెనక్కి తెచ్చి, ఎక్కడైనా గరగరమంటోందేమో చూడండి. సంచిలో మీ సొంత మెమరీ కార్డు పెట్టుకెళ్లి ఎఫ్ అంకె పూర్తిగా తెరిచి తీగ మీది కాకిని నాలుగు ఫొటోలు తీసి, ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూశాకే డబ్బివ్వండి.

దాచడానికి డ్రై క్యాబినెట్ ఉంటే మంచిది, లోపల తేమ 40, 50 శాతం మధ్య పెట్టుకోవాలి. లేకపోతే గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, పక్కన చిన్న తేమ మీటర్. నీలం రంగు గింజలు గులాబీకి మారితే వేడిచేసి తేమ పోగొట్టి మళ్లీ వేయాలి. తోలు కేసులో మాత్రం లెన్స్ దాచొద్దు, తేమ పట్టి ఫంగస్‌కి తిండి అవుతుంది. తీరం వెంట తిరిగొస్తే ఆ రాత్రే కొంచెం తడిపి పిండిన మెత్తటి గుడ్డతో బాడీ అంతా తుడిచి, పొడిగుడ్డతో ఆరబెట్టండి. ఏసీ గదిలోంచి తెల్లవారుజామున సరాసరి బయటికి తీస్తే అద్దం అరగంట సేపు మసకబారిపోతుంది, ఆ అరగంటలోనే మంచి వెలుతురంతా అయిపోతుంది. బయలుదేరే ముందురోజు రాత్రి కెమెరా బ్యాగుని ఏసీ లేని గదిలో ఉంచండి.